క్రియాటినిన్ ఒక్కటే అడక్కండి

మావారికి కిడ్నీ మార్పిడి జరిగి మూడేళ్లయింది. చుట్టాలెవరు ఫోన్ చేసినా మొదటి ప్రశ్న ఒకటే. "క్రియాటినిన్ ఎంతుందమ్మా?" బాగానే ఉందండీ అనగానే "హమ్మయ్య" అనేసి వేరే కబుర్లలో పడతారు. బీపీ ఎంత, షుగర్ ఎంత, కొలెస్ట్రాల్ ఎంత అని ఒక్కరూ అడగరు. వాళ్లననడమెందుకు, మొదటి ఏడాది నేనూ పట్టించుకోలేదు.

డయాలసిస్ రోజులు చూసినవాళ్లకి మా సంగతి అర్థమవుతుంది. కూరముక్కలు ఉడికించి, ఆ నీళ్లు వార్చేసి, చప్పగా పెట్టేదాన్ని. కొబ్బరినీళ్లు లేవు, అరటిపండు లేదు. తాగే నీళ్లు కూడా సీసాతో కొలిచి ఇచ్చేదాన్ని. అలా రెండేళ్లు గడిచాక మా అత్తయ్యగారు తన కిడ్నీ ఇచ్చారు.

అంతటి మనిషి తన చేత్తో కొత్తావకాయ కలిపి, నెయ్యి వేసి, "తినరా నాన్నా, రెండేళ్లు గడ్డి తిన్నావు" అంటుంటే నేనేమనగలను? పైగా స్టెరాయిడ్ మాత్రల వల్ల ఆయనకి ఆకలి విపరీతం. రాత్రి పదకొండింటికి లేచి తినడానికేముందని అడిగేవారు. ఏడాది తిరిగేసరికి 11 కిలోలు పెరిగారు. కోలుకున్నారు, ఒళ్లు చేశారు అని మురిసిపోయాం.

ఆ ఏడాది చెకప్‌లో డాక్టరుగారు రిపోర్టులు చూసి, "కిడ్నీ బాగుందమ్మా. ఇక చూసుకోవలసింది గుండెని" అన్నారు. కొత్త కిడ్నీ చక్కగా పనిచేస్తుండగానే గుండెజబ్బుతో పోయేవాళ్లు ఎక్కువమందేనట. పాత జబ్బు, బీపీ, ఇన్నాళ్లూ రక్తనాళాలని పాడుచేసే ఉంటాయి. ఇక కిడ్నీని కాపాడే మందులున్నాయి కదా, స్టెరాయిడ్ ఆకలినీ షుగర్‌నీ పెంచుతుంది. టాక్రోలిమస్ వల్ల కూడా కొత్తగా షుగర్ రావచ్చు. సైక్లోస్పోరిన్ వాడేవాళ్లకి బీపీ, కొలెస్ట్రాల్ పెరగవచ్చు. అలాగని మందులు మానడానికి లేదు. మన చేతిలో ఉన్నది వంటిల్లే.

ఇంటికొచ్చి ఆవకాయ జాడీ పైఅరలో పెట్టాను. అత్తయ్యగారికి కోపమొచ్చింది. "కిడ్నీ ఇచ్చినదాన్ని, ముద్ద పెట్టుకునే హక్కు లేదుటే నాకు?" అన్నారు. ఆ మాటకి నా దగ్గర జవాబు లేదు. తర్వాతి చెకప్‌కి ఆవిడనీ వెంటబెట్టుకుని వెళ్లాను. అక్కడ ఆవిడ బీపీ చూస్తే 150. ఒక కిడ్నీతో బతుకుతున్న ఆవిడకీ ఉప్పు తగ్గించమనే చెప్పారు డాక్టరుగారు.

అప్పుడే నాకొక సంగతి తెలిసొచ్చింది. "పేషెంటు కూర" అని వేరే చిన్నగిన్నె పెట్టకూడదు. పెడితే ఆ మనిషి మళ్లీ రోగిలా ఒంటరిగా కూర్చుని తింటారు, పక్కవాళ్ల కంచంలోకి చూస్తారు. మనకి చాకిరీ రెండింతలు. చివరికి జాలిపడి మనమే ఓ చెంచా వేపుడు అటు వేస్తాం. ఇల్లంతా ఒకటే వంట తినాలి. తండ్రికి బీపీ ఉన్న ఇంట్లో పిల్లలకీ అదే మంచిది.

మనిషికి రోజుకి 5 గ్రాముల ఉప్పు మించకూడదంటారు, అంటే ఒక టీచెంచా. అందుకని పొద్దున్నే నలుగురికీ కలిపి ఆ లెక్కన చిన్న గిన్నెలోకి తీసిపెడతాను. రోజంతా దాంట్లోంచే వాడాలి. అప్పడాలు, వడియాలు, ఊరమిరపకాయలు పండగలకే. ఉప్పు తగ్గిన చోట నిమ్మరసం, కరివేపాకు, పోపులో ఇంగువ. నూనె నెలకి నాలుగు కిలోలనుంచి రెండున్నరకి వచ్చింది. తెల్లన్నం సగం తగ్గి పప్పు, ఆకుకూర పెరిగాయి. రాత్రి ఆకలికి వేయించిన శనగలు, మజ్జిగ.

రెండు జాగ్రత్తలు మాత్రం చెప్పాలి. బజారులో "సోడియం తక్కువ ఉప్పు" అని అమ్ముతారు. దాంట్లో పొటాషియం ఉంటుంది కాబట్టి డాక్టరుని అడగకుండా వాడొద్దు. పంపరపనస టాక్రోలిమస్, సైక్లోస్పోరిన్‌లకి పడదు, రక్తంలో మందు మోతాదు మారిపోతుంది. ఎవరో చెప్పారని కషాయాలూ తాగించొద్దు.

ఆరు కిలోలు తగ్గారు మావారు. మిగతా అయిదూ మొండికేశాయి. ఆదివారం ఒక్క ముద్ద ఆవకాయ అత్తయ్యగారే కలిపి పెడతారు, దానికి నేను అడ్డు చెప్పను. మిగతా ఆరు రోజులూ కొసరు వేయకుండా చూసేదీ ఆవిడే.

తినిపించడమే ప్రేమ అని నేర్చుకుని పెరిగినవాళ్లం మనం. ఒక అమ్మ తన ఒంట్లోంచి తీసి ఇచ్చినదాన్ని మన చేతి ఉప్పుతో పాడుచేసుకోకూడదు కదండీ. మీకు తెలిసిన ఇంట్లో ఎవరికైనా మార్పిడి జరిగి ఉంటే, ఈసారి ఫోన్ చేసినప్పుడు క్రియాటినిన్‌తోపాటు బీపీ ఎంతుందో కూడా అడగండి. చూడ్డానికి వెళ్లేటప్పుడు స్వీట్‌బాక్సు బదులు రెండు కట్టలు తోటకూర పట్టుకెళ్లినా ఎవరూ ఏమనుకోరు.