తరలిపోయిన జట్టు

హైదరాబాదు ఫుట్‌బాలు క్లబ్బు 2025లో హైదరాబాదును విడిచి ఢిల్లీకి తరలిపోయినది. పేరు సైతము మార్చుకొన్నది. వర్తకుడు తన దుకాణమును వేరొక వీధికి మార్చుకొన్నట్లే యీ కార్యము జరిగిపోయినది. ఇది క్రీడాభిమానుల దుఃఖము మాత్రమే యని మేము తలపజాలము.

ఆ నగరమునకు ఫుట్‌బాలు క్రొత్త విద్య గాదు. బడిపంతులైన సయ్యద్ అబ్దుల్ రహీమ్ తీర్చిదిద్దిన హైదరాబాదు సిటీ పోలీసు జట్టు 1950 మొదలు 1954 వరకు వరుసగా ఐదుమారులు రోవర్సు కప్పును గెలిచెను. ఆయన శిక్షణలోనే భారతజట్టు 1951లో ఢిల్లీయందును, 1962లో జకార్తాయందును ఆసియా క్రీడలలో స్వర్ణపతకములను గొన్నది. 1956 మెల్బోర్ను ఒలింపిక్సులో నాల్గవస్థానమున నిలిచినది. సికింద్రాబాదులోని అమ్ముగూడలో పుట్టిన తులసీదాస్ బలరామ్ ఆ సంప్రదాయపు బిడ్డయే. 1963లో రహీమ్ గతించెను. గురువు పోయిన వెనుక ఆ వైభవమును నిలుపుకొనలేకపోతిమి.

2019లో పూణె క్లబ్బు మూతపడగా దాని స్థానమున హైదరాబాదు క్లబ్బు వెలసినది. 2022 మార్చిలో గోవాయందు కేరళ జట్టును ఓడించి ఇండియన్ సూపర్ లీగు విజేతయైనది. పిమ్మట జీతముల బకాయిలు, యజమానుల మార్పు, తుదకు ఢిల్లీ ప్రయాణము! పూణె పోగొట్టుకొన్నది మనకు దక్కెను. మనము పోగొట్టుకొన్నది ఢిల్లీకి దక్కెను. అరువు సొమ్ము బరువుచేటని పెద్దలు ఊరక యనలేదు.

యజమానులను మాత్రము నిందించి ఫలమేమి? నష్టమును భరించుచు వర్తకుడెంతకాలము నిలుచును? అమెరికాలో ఓక్లండు బేస్‌బాలు జట్టు 2024తో ఆ నగరమును వీడినది. అదేదేశమున గ్రీన్ బే యను చిన్న పట్టణపు ఫుట్‌బాలు జట్టు 1923 నుండి పౌరుల వాటాలతో నడచుచు నేటికిని కదలలేదు. సొంతదారు ఊరే యైనచో జట్టు ఊరు విడువదు.

దేవరాపల్లి రైతునకు దీనితో పనియేమని కొందరడుగవచ్చును. ఆటగాండ్రు నగరపు స్టేడియములలో పుట్టరు. బడి మైదానములలో పుట్టుదురు. రహీమ్ వంటి పంతులొకడు నేడు మన మండలమునకు వచ్చిన, పిల్లలను ఆడింప ఆయనకు చోటు చూపగలమా? కావున భూవసతి గలవారు తమ గ్రామపు ఆటస్థలము ఆక్రమణల పాలుగాకుండ కాపాడవలెను. పట్టణవాసులు చందాలతో తమ క్లబ్బులను తామే నెలకొల్పవలెను. ప్రభుత్వములు పాఠశాలలకు వ్యాయామోపాధ్యాయులను నియమింపవలెను. కొన్న జట్టును మరియొకడు కొనిపోవచ్చును. పెంచిన జట్టును ఎవ్వడును కొనిపోజాలడు.