సాకెట్ జారింది సరే, బగ్ సంగతేంటి?

1980 సెప్టెంబరు 18 సాయంత్రం. అమెరికాలోని ఆర్కన్సా రాష్ట్రంలో డెమాస్కస్ అనే చిన్న ఊరి దగ్గర, భూమిలోపల సైలోలో నిలబెట్టిన టైటన్-2 అణుక్షిపణికి మెయింటెనెన్సు జరుగుతోంది. ఓ కుర్రాడి చేతిలోని పనిముట్టు నుంచి సాకెట్ ఊడి, దాదాపు 80 అడుగులు కిందపడి, ఎగిరి ఇంధన ట్యాంకుకి చిల్లు పెట్టింది. తెల్లారుజామున సైలో పేలిపోయింది. 740 టన్నుల మూత ఎగిరిపోయింది. ఒకరు చనిపోయారు. 9 మెగాటన్నుల వార్‌హెడ్ బయటికొచ్చి పడింది, పేలలేదు. (పేలుంటే ఈ టపా వేరేలా ఉండేది.)

"అబ్బే, అది ద్రవ ఇంధనం రోజుల మాట. 1987 కల్లా టైటన్లని తీసేశారు. ఇప్పుడున్న మినిట్‌మన్-3లు ఘన ఇంధనంతో నడుస్తాయి" అంటారు సమర్థించేవాళ్ళు. నిజమే. కానీ ప్యాచ్ వేసింది ఇంధనానికి. అసలు బగ్ డిజైన్లోనే ఉంది.

మోంటానా, నార్త్ డకోటా, వయోమింగ్ చుట్టుపక్కల 400 క్షిపణులు కదలకుండా కూర్చునున్నాయి. ఏ సైలో ఎక్కడుందో రష్యాకి తెలుసు. అక్కణ్ణుంచి క్షిపణి రావడానికి అరగంట. అంటే హెచ్చరిక రాగానే అధ్యక్షుడు నిమిషాల్లో తేల్చుకోవాలి: వదలడమా, పోగొట్టుకోవడమా? వదిలాక వెనక్కి పిలిచే దారి లేదు, రోల్‌బ్యాక్ అన్నమాటే లేదు. సముద్రంలో దాక్కున్న జలాంతర్గామికి ఈ తొందర లేదు.

మరి ఆ హెచ్చరిక ఎప్పుడూ నిజమే చెప్తుందా? 1979 నవంబరు 9న శిక్షణ కోసం తయారుచేసిన దాడి దృశ్యం అసలు సిస్టంలోకి వెళ్ళి, సోవియట్ క్షిపణులు వస్తున్నట్టు చూపించింది. టెస్ట్ డేటా ప్రొడక్షన్లోకి పోతే ఏమవుతుందో మనకి వేరే చెప్పాలా? 1980 జూన్‌లో 46 సెంట్ల చిప్ ఒకటి పాడై మళ్ళీ అదే తంతు. రెండుసార్లూ మనుషులు అనుమానించి సరిచూసుకోబట్టి బతికిపోయాం.

1979లో రక్షణశాఖ ఉన్నతాధికారిగా ఉన్న విలియం పెర్రీ, తర్వాత 1994-97 మధ్య రక్షణమంత్రిగా చేశాడు. ఈ సైలో క్షిపణుల్ని తీసేయమని 2016లో రాశాడు కూడా. ఆయన శాంతి ఊరేగింపుల మనిషేం కాదు, లోపలివాడు.

"శత్రువు బాంబులన్నీ సైలోల మీదే ఖర్చవుతాయి కదా" అనేది ఇంకో వాదన. అంటే గోధుమ పొలాల మధ్య దిష్టిబొమ్మలన్నమాట! ఆ పొలాల్లో బతికే జనాన్ని ఎవరైనా అడిగారా?

ఇప్పుడు వాటి స్థానంలో సెంటినెల్ అనే కొత్త క్షిపణి తెస్తున్నారు. 2024 జులైలో లెక్క చూస్తే ఖర్చు 81 శాతం పెరిగి దాదాపు 14,100 కోట్ల డాలర్లకి చేరింది. అయినా ఆపేది లేదన్నారు. మన ఎస్టిమేట్లు పది శాతం దాటితే మీటింగు మీద మీటింగు పెడతారే!

ఇంత డబ్బు పోసి అదే బగ్‌ని కొత్త వెర్షన్లోకి మోసుకెళ్ళడాన్ని అప్‌గ్రేడ్ అనను నేను. తీసేయాల్సిన మాడ్యూల్ని తీసేయడం కూడా ఇంజినీరింగే. ఏమంటారు?