గస్ ఫ్రింగ్ పెద్దమనిషా?

బ్రేకింగ్ బ్యాడ్ అనే టెలివిజన్ ధారావాహిక 2008లో మొదలై 2013లో ముగిసింది. ముగిసి ఇన్నేళ్ళయినా మనవాళ్ళు నలుగురు చేరినచోట ఆ ప్రస్తావన రాకుండా భోజనం పూర్తికావడం లేదు. అందులో తప్పేమీ లేదు. మంచి కథ, మంచి నటన. మా అభ్యంతరమల్లా ఒక్కటే. ఆ కథలోని ప్రతినాయకుడు గస్ ఫ్రింగ్‌ను మనవాళ్ళు 'జెంటిల్‌మన్' అంటున్నారు. "ఏం క్రమశిక్షణండీ! ఏం మర్యాదండీ!" అని మురిసిపోతున్నారు. "మన పిల్లలు వాణ్ణి చూసి నేర్చుకోవాలి" అనేదాకా వెళ్ళినవారూ ఉన్నారు, నవ్వుతూనే అనుకోండి. ఈ మురిపెం మీదే మా పోట్లాట.

చూడనివారి కోసం నాలుగు ముక్కలు. ఫ్రింగ్ చిలీ దేశంవాడు. మెక్సికో మీదుగా అమెరికా చేరి, న్యూ మెక్సికో రాష్ట్రంలోని ఆల్బకర్కీలో వేయించిన కోడిమాంసం అమ్మే హోటళ్ళు పెట్టాడు. జియాన్‌కార్లో ఎస్పొసీటో ఆ పాత్రలో జీవించాడన్నది నిజం. చొక్కా నలగదు, టై వంకరపోదు, గొంతు పెరగదు. యజమాని అయివుండీ బల్లలు తానే తుడుస్తాడు. డాబుసరి లేని పాత వోల్వో కారులో తిరుగుతాడు. ఆ హోటళ్ళకు వెళ్ళే పిండి డబ్బాల్లోనే మెథ్ అనే మత్తుమందు దాక్కుని ఊళ్ళు దాటుతుంది. ఒక లాండ్రీ కింద నేలమాళిగలో అది తయారవుతుంది, వారానికి 200 పౌన్ల లెక్కన.

"చేసేది పాడుపనే గాని మనిషిలో మంచి గుణాలు లేకపోలేదు కదా" అంటారు. ఏవండీ ఆ గుణాలు? దానధర్మాలా? మాదకద్రవ్యాల నిరోధక శాఖవారి పరుగుపందానికి విరాళమిచ్చాడు. దాతగా ఆ శాఖ ఆఫీసులోకే దర్జాగా నడిచివెళ్ళాడు. చనిపోయిన మిత్రుడి పేరిట విశ్వవిద్యాలయంలో కెమిస్ట్రీ విద్యార్థులకు స్కాలర్‌షిప్పు పెట్టాడు. ఆ స్కాలర్‌షిప్పుతో చదివిన గేల్ అనే అమాయకుడు చివరికి నేలమాళిగలో తేలాడు, అక్కడి పని పుణ్యమా అని హత్యకు గురయ్యాడు. గేల్ ఇంట్లో ఫ్రింగ్ వేలిముద్రలు దొరికితే పోలీసులకు చెప్పిన సమాధానం ఏమిటి? "నా స్కాలర్‌షిప్పు కుర్రవాడు, భోజనానికి పిలిస్తే వెళ్ళాను." పెద్ద అధికారులు నమ్మారు. నమ్మక ఏం చేస్తారు, దాత కదా! ఇది మనిషిలోని మంచి సగం కాదు. చెడ్డ సగం చేతిలోని పనిముట్టు. దొంగ నిచ్చెన నున్నగా ఉందని మనం ముచ్చటపడుతున్నాం.

'కుటుంబం' అనే మాట కూడా అంతే. వాల్టర్ వైట్ అనే కెమిస్ట్రీ మాష్టారు ఇక ఈ పని చేయనని మొరాయిస్తే, ఇష్టమున్నా లేకున్నా భార్యాబిడ్డల్ని పోషించడం మగవాడి బాధ్యత అని ఫ్రింగ్ ఎంతో నెమ్మదిగా బోధిస్తాడు. 2010లో ప్రసారమైన ఆ సన్నివేశం మనవాళ్ళకు మహా ఇష్టం. ఇల్లూ వాకిలీ వదిలి ఇంతదూరం వచ్చినవాళ్ళం, ఆ మాట తగలకుండా ఎలా ఉంటుంది? మరి మరుసటి ఏడు అదే మనిషి అదే మాష్టారిని ఎడారిలో మోకాళ్ళమీద కూర్చోబెట్టి, నీ భార్యనూ, కొడుకునూ, పసికందునూ చంపుతానని అదే నెమ్మది గొంతుతో చెప్పాడే! అది ఎవరికీ గుర్తులేదేం?

టొమాస్ కూడా ఎవరికీ గుర్తులేడు. పదకొండేళ్ళ పిల్లవాడు. ఫ్రింగ్ సరుకు అమ్మేవాళ్ళు వాడిచేత హత్య చేయించారు. జెస్సీ నిలదీస్తే, ఇకమీద పిల్లల్ని వాడుకోవద్దని ఫ్రింగ్ వాళ్ళను ఆజ్ఞాపించాడు. ఆ రాత్రే పిల్లవాడు శవమయ్యాడు. ఆ చావు అతని ఆజ్ఞో కాదో కథలో తేల్చి చెప్పలేదు. కాని కుర్రవాళ్ళను వీధిలో నిలబెట్టి సంపాదించిన డబ్బు ఎవరి ఇనప్పెట్టెకు చేరిందో చెప్పనక్కరలేదు. తన ప్రాణమిత్రుణ్ణి కళ్ళెదుట చంపారని, అందుకే పగబట్టాడని వాదించేవారికి మా ప్రశ్న: ఆ మిత్రుణ్ణి చంపినవాళ్ళలో టొమాస్ ఉన్నాడా?

విక్టర్ సంగతి వేరే చెప్పాలా? ఏళ్ళతరబడి తనకు ఊడిగం చేసినవాణ్ణి, సూటు మురికికాకుండా విప్పిపెట్టి మరీ గొంతుకోశాడు. తరవాత చేతులు కడుక్కుని, టై కట్టుకుని, పని చూసుకోండన్నాడు. చివరకు బాంబు పేలి సగం ముఖం ఎగిరిపోయినా ఆ చెయ్యి టై సర్దుకుని గాని కూలలేదు. దీన్ని 'స్టయిల్' అంటున్నారు మనవాళ్ళు. శవాల మధ్య టై సర్దుకునేవాడికి బుద్ధి చెడిందంటాం మేము.

బాపు రమణలు 1975లోనే 'ముత్యాలముగ్గు'లో రావు గోపాలరావు చేత ఇలాంటివాడినే ఆడించారు. ఒక ఇల్లాలి కాపురం కూల్చడానికి పూనుకుని, మధ్యమధ్య కళల గురించి తీరుబడిగా మాట్లాడే కంట్రాక్టరు. ఆ మాటలు ఊరూరా చెప్పుకుని నవ్వాం. కాని ఆయన్ని కళాహృదయుడని ఎవరైనా అన్నారా? నేలబెంచీవాడికి కూడా తెలిసిన తేడా ఇన్ని డిగ్రీలు చదివిన మనకు తెలియకుండా పోయిందెందుకు?

ఎందుకో మాకు తోచింది చెబుతాం, కోపం తెచ్చుకోకండి. ఈ దేశంలో ఇస్త్రీ చొక్కా, చెప్పిన వేళకు రావడం, గొంతు తగ్గించి మాట్లాడటం మనకు ఉద్యోగాలిచ్చాయి, బ్యాంకులో అప్పు పుట్టించాయి. మంచిదే. కాని క్రమేపీ అవే శీలమనుకోవడం మొదలుపెట్టాం. అందుకే ఫ్రింగ్ మనకు మనవాడిలా కనిపిస్తాడు. ఆ కథలోనే నిరోధక శాఖ పెద్ద అధికారి, గుట్టు రట్టయ్యాక తల పట్టుకుంటాడు. జూలై నాలుగున వాణ్ణి ఇంటికి పిలిచాను, పెరట్లో అందరం కలిసి వండుకున్నాం, వాడు చేపలు తెచ్చాడు, నా పిల్లలు కూరలు తరిగారు అని. ఆ మాట విన్నప్పుడు మనకు ఒళ్ళు జలదరించాలి. మన పెరళ్ళలోనూ వంటలవుతాయి కదా.

"కథను కథగా చూడండి, ఇంత రాద్ధాంతమెందుకు" అంటారేమో. కథగా చూస్తే మాకు పేచీ లేదు. మన వేదికల మీద ముందు వరుస కుర్చీలు దేన్నిబట్టి వేస్తున్నాం? చెక్కు మీది సున్నాలనుబట్టి. ఆ డబ్బు ఎలా వచ్చిందని అడగడం అమర్యాద. ఆ దాత తన దగ్గర పనిచేసేవాళ్ళకు జీతం సరిగా ఇస్తున్నాడా, వాళ్ళ పాస్‌పోర్టులు ఎవరి సొరుగులో ఉన్నాయి అని అడగడం మరీ అమర్యాద. శాలువా కప్పుతాం, ఫొటో తీస్తాం.

ఉగాది సభకు ఎవరిని పిలవాలో కార్యవర్గం ఇంకా తేల్చలేదని విన్నాం. చెక్కు తీసుకోవడానికి వెళ్ళే మిత్రులు ఈసారి ఆ దాతగారి వ్యాపారం వెనకగుమ్మం దాకా కూడా వెళ్ళి, అక్కడ గిన్నెలు తోమే కుర్రవాణ్ణి తెలుగులోనో, అతనికి వచ్చిన మరే భాషలోనో రెండు నిమిషాలు పలకరించి రావలసిందని కోరుతున్నాం.