బైక్ డిస్‌ప్లేలో మిస్డ్ కాల్ కనిపిస్తుంది.. బ్యాటరీ వోల్టేజ్ మాత్రం కనిపించదు!

మీ ఫోన్ బ్యాటరీ 5000 ఎంఏహెచ్. మరి మీ 150 సీసీ బైక్‌ది ఎంత అనుకుంటున్నారు? చాలావాటిలో 12 వోల్టులు, 4 లేదా 5 ఏహెచ్. అంటే ఇంచుమించు అదే 5000 ఎంఏహెచ్! వోల్టేజ్ ఎక్కువ కాబట్టి ఎనర్జీ లెక్కలో ఫోన్‌కి మూడు రెట్లు ఉంటుంది, అంతే. ఫోన్ బ్యాటరీ హెల్త్ 91 శాతానికి పడిందని గ్రూపులో స్క్రీన్‌షాట్లు పెట్టే మనం, దీన్ని మాత్రం సెల్ఫ్ కొడితే 'టక్ టక్' అని ఆగిపోయే రోజు దాకా పట్టించుకోం.

పైగా ఫోన్ దగ్గర నేర్చుకున్న రూల్ ఇక్కడ రివర్స్. లిథియం బ్యాటరీని 80 శాతం దగ్గర ఆపితే మంచిదంటాం కదా, బైక్‌లో ఎక్కువగా ఉండే లెడ్ యాసిడ్ బ్యాటరీకి ఫుల్‌గా ఉండడమే ఆరోగ్యం. సగం ఖాళీగా వారాల తరబడి వదిలేస్తే ప్లేట్ల మీద లెడ్ సల్ఫేట్ గట్టిపడిపోతుంది. ఆ తర్వాత ఎంత చార్జ్ చేసినా పాత కెపాసిటీ రాదు.

ఇప్పుడు అసలు విలన్: హ్యాండిల్ మీద మనం పెట్టించుకునే యూఎస్‌బీ చార్జర్. బయట చాలాచోట్ల దాన్ని నేరుగా బ్యాటరీకే కలిపేస్తారు, ఐదు నిమిషాల్లో పని అయిపోతుంది కాబట్టి. అందులో వెలిగే చిన్న ఎల్ఈడీ, వోల్ట్ మీటర్ కలిపి 20 మిల్లీ ఆంప్స్ లాగుతున్నాయనుకోండి. సంక్రాంతికి బైక్ హైదరాబాద్‌లో పార్క్ చేసి పది రోజులు ఊరెళ్లారు. 240 గంటలు ఇంటూ 20 అంటే 4800 ఎంఏహెచ్. బ్యాటరీ మొత్తం పోయినట్టే! కీ ఆన్ చేస్తేనే కరెంట్ వచ్చే వైరుకి, మధ్యలో ఫ్యూజ్ పెట్టి కలిపించుకుంటే ఈ గొడవ ఉండదు. ఇంకా పెద్ద లోడ్ అయితే రిలే పెట్టించండి.

ఒకప్పుడైతే కిక్ కొట్టి వెళ్లిపోయేవాళ్లం. 2020 ఏప్రిల్ నుంచి బీఎస్6 వచ్చాక కార్బ్యురేటర్ దాదాపు పోయింది, ఫ్యూయల్ ఇంజెక్షన్ వచ్చింది. చాలా బైక్‌లకి కిక్ రాడ్ కూడా లేదు. ఫ్యూయల్ పంప్‌కీ, ఈసీయూకీ కరెంట్ కావాలి కాబట్టి, బ్యాటరీ పూర్తిగా చచ్చిపోతే సెకండ్ గేర్‌లో తోసినా స్టార్ట్ అవ్వడం కష్టం. రాత్రి పదకొండుకి షిఫ్ట్ దిగి ఆఫీస్ పార్కింగ్‌లో నిలబడితే అప్పుడు అర్థమవుతుంది.

మెకానిక్ దగ్గరికి తీసుకెళ్తే చాలాసార్లు వినిపించే మాట ఒకటే, "బ్యాటరీ పోయింది, మార్చేద్దాం". కొత్తది వేస్తారు. నెల తిరక్కుండా అదీ పోతుంది. ఎందుకంటే రోగం బ్యాటరీలో లేదు, దాన్ని చార్జ్ చేసే సిస్టమ్‌లో ఉంది. ఇంజిన్ తిరిగితే స్టేటర్ ఏసీ కరెంట్ తయారు చేస్తుంది, రెగ్యులేటర్ రెక్టిఫైయర్ దాన్ని డీసీగా మార్చి వోల్టేజ్‌ని అదుపులో పెడుతుంది. ఈ రెండిట్లో ఏది పాడైనా, మధ్యలో కనెక్టర్ కాలినా, తిట్లు తినేది మాత్రం బ్యాటరీయే.

అందుకే మూడు వందల్లో వచ్చే మల్టీమీటర్ ఒకటి కొనుక్కోండి. డీసీ 20 వోల్టుల రేంజ్‌లో పెట్టి చూడండి. బండి కొన్ని గంటలు ఆగి ఉన్నాక 12.6 నుంచి 12.8 వస్తే ఫుల్, 12 కంటే తక్కువైతే దాదాపు ఖాళీ. ఇంజిన్ ఆన్ చేసి కాస్త రేజ్ చేస్తే 13.5 నుంచి 14.5 మధ్య ఉండాలి. 13 దాటట్లేదంటే చార్జింగ్ అందట్లేదు. 15 దాటిందంటే రెగ్యులేటర్ పోయి, బ్యాటరీని ఉడకబెడుతోందని అర్థం. ఈ నంబర్లు తెలిశాక కొత్త బ్యాటరీకి డబ్బులు పెట్టాలా వద్దా అన్నది మీరే తేల్చుకోవచ్చు.

ఊరెళ్లేముందు నెగటివ్ టెర్మినల్ తీసేసినా సరిపోతుంది (తీసేటప్పుడు నెగటివ్ ముందు, పెట్టేటప్పుడు చివర). ఇంటి దగ్గర చార్జ్ చేయాలంటే అర ఆంప్ స్మార్ట్ చార్జర్ చాలు, కారు చార్జర్ మాత్రం వద్దు. ఐదు నిమిషాలు ఐడిల్‌లో ఉంచితే చార్జ్ అయిపోతుందనుకోకండి, ఐడిల్‌లో స్టేటర్ ఇచ్చేదే తక్కువ. అరగంట తిప్పండి.

ఇక నా కంప్లైంట్ కంపెనీల మీద. బ్లూటూత్, నావిగేషన్, కాల్ అలర్ట్ అని టీఎఫ్‌టీ డిస్‌ప్లేకి ఎక్స్‌ట్రా తీసుకుంటున్నారు. ఇంజెక్టర్ టైమింగ్ సరిచేసుకోవడానికి ఈసీయూ బ్యాటరీ వోల్టేజ్‌ని ఎలాగూ చదువుతూనే ఉంటుంది. అంటే డేటా బండిలో ఆల్రెడీ ఉంది! కొన్ని మోడల్స్‌లో లో బ్యాటరీ వార్నింగ్ ఇస్తున్నారు కానీ, అది వెలిగేసరికి చాలాసార్లు లేటైపోతుంది. స్క్రీన్ మూలన రెండంకెల నంబర్, నెల రోజుల గ్రాఫ్ యాప్‌లో.. సాఫ్ట్‌వేర్ వాడిగా చెప్తున్నా, ఇదేమంత పెద్ద ఫీచర్ కాదు. ఈసారి షోరూమ్‌లో టెస్ట్ రైడ్‌కి వెళ్లినప్పుడు టాప్ స్పీడ్‌తో పాటు, "వోల్టేజ్ ఎక్కడ కనిపిస్తుంది?" అని కూడా అడిగి చూడండి.