కాటుక అశుభమా?

సంక్రాంతికి భావనపాడు వచ్చిన మా మనుమరాలు కన్నుల చుట్టూ దట్టంగా కాటుక పులిమి, పెదవులకు నల్లరంగు పూసి, జుట్టు చిందరవందరగా విరబోసుకొన్నది. ‘గోతిక్’ అట, 1970ల చివర ఇంగ్లండు సంగీతకారుల నుండి ప్రబలిన వేషం.

“అశుభం, కడుగు!” అని గద్దించాను. పిదప సిగ్గుపడ్డాను. పసిబిడ్డకు దిష్టి తగలకుండా పెట్టేది ఆ నలుపే కదా! ఉద్యోగపర్వంలో రాయబారానికి బయలుదేరే కృష్ణునికి ద్రౌపది చూపినది తన కురులనే. భరతుడు వేషాలంకరణను ఆహార్యమని, నాలుగు అభినయాలలో ఒకటిగా లెక్కించాడు. పటంలోని కాళికకు మ్రొక్కి, ఇంటి పిల్లను కసరుట ఏపాటి న్యాయం?

ఆ నలుపు వెనుక దుఃఖమున్నదేమో అడుగవలె. లేకున్న అందం చూడవలె. ఆలస్యంగానైనా అడిగాను. “బాగుంటుంది తాతా, అంతే” అన్నది, అప్పటికే ముఖం కడుగుకొని. మీరేమంటారు?