కేంద్రకం ఆజ్ఞ ఇవ్వగలదు, నీరు ఇవ్వలేదు

శ్రీ సత్యసాయి జిల్లాలోని నల్లమాడ ప్రాంతపు ఎర్ర నేలల్లో ఖరీఫ్ వేరుశనగ ప్రధానంగా వర్షాధార పంట. కదిరి వ్యవసాయ పరిశోధనా స్థానం రూపొందించిన కదిరి-6, కదిరి లేపాక్షి రకాలు ఇక్కడి రైతులకు సుపరిచితం. అయితే రైతు సదస్సుల్లో ‘బెట్టను తట్టుకొనే రకం’ అన్న మాటను వివరణ లేకుండా వాడితే, విత్తనం మంచిదైతే వాన లేకున్నా పంట వస్తుందన్న అపోహ కలుగుతుంది. కణకేంద్రకం పనితీరును గమనిస్తే ఈ అపోహ నిలవదు.

వేరుశనగ కేంద్రకంలో రెండు అడవి జాతుల నుండి సంక్రమించిన 40 క్రోమోజోములు ఉన్నాయి. వాటి చుట్టూ రెండు పొరల త్వచం ఉంటుంది. ఆ త్వచంలోని రంధ్రాల గుండా చిన్న అణువులు సులువుగా వచ్చిపోతాయి. పెద్ద ప్రోటీన్లకు మాత్రం తగిన గుర్తింపు సంకేతం ఉండాలి. డీఎన్ఏ లోపలే ఉంటుంది. దాని నకలైన సందేశ ఆర్ఎన్ఏ వెలుపలికి వచ్చి, ప్రోటీన్ల తయారీకి ఆధారమవుతుంది.

నేలలో తేమ తగ్గినప్పుడు మొక్కలో అబ్సిసిక్ ఆమ్లం పెరుగుతుంది. పత్రరంధ్రాలు నిమిషాల వ్యవధిలోనే మూసుకోవడం ఆరంభిస్తాయి. ఈ తొలి స్పందన కేంద్రకం నుండి కొత్త ఆజ్ఞ వచ్చేదాకా ఆగదు. కేంద్రకంలోని జన్యువులు చైతన్యం పొంది, రక్షక ప్రోటీన్లు తయారై, కణం బెట్టకు అలవాటు పడడానికి గంటలు, రోజులు పడుతుంది. ఈ రక్షణకు మూల్యమూ ఉంది. పత్రరంధ్రాలు మూసుకుంటే నీరు మిగులుతుంది గాని, బొగ్గుపులుసు వాయువు అందక ఆహార తయారీ కుంటుపడుతుంది. పైగా, ఎండి గట్టిపడిన నేలలోకి ఊడలు దిగడం కష్టం. ఊరే కాయ తనకు కావలసిన కాల్షియంను చుట్టూ ఉన్న మట్టి నుండే గ్రహిస్తుంది; తేమ లేనిదే అది అందదు. ఈ లోటును ఏ జన్యువూ పూర్తిగా పూడ్చలేదు.

రైతుకు కేంద్రకం గురించి చెప్పవలసిన అవసరమేమిటని కొందరు అడగవచ్చు. ఆ పేరు చెప్పనక్కరలేదు; దాని పరిమితి మాత్రం చెప్పాలి. బెట్టను తట్టుకోవడమంటే నష్టం తగ్గడమే గాని, నష్టం లేకపోవడం కాదు. కనుక రకాన్ని సిఫారసు చేసే ప్రతిచోటా తేమ సంరక్షణను, నీటికుంటను, ఊడలు దిగే దశలోనూ కాయ ఊరే దశలోనూ వీలైన రక్షక తడిని కలిపే చెప్పాలి. విద్యార్థులకు కూడా కేంద్రకాన్ని పరీక్షలో గీసే బొమ్మగా గాక, బెట్టలో ఉన్న వేరుశనగ ఆకు ఆధారంగా బోధించాలి. అప్పుడే రేపటి విస్తరణాధికారి రైతుకు సాధ్యమైనంతే వాగ్దానం చేస్తాడు.