బస్తీ దవాఖానాకు పోవువారెవరు? ఏల పోవుదురు?

ఒక యూరి స్థితిగతులను తెలిసికొనగోరువారు అచ్చటి కచేరీని, బజారును, దేవాలయమును చూచుట వాడుక. మా యభిప్రాయమున నన్నిటికంటె ముందు చూడదగినది ఆ యూరి చిన్న దవాఖానా. ఉదయమున దాని వాకిట నెవరు నిలిచియున్నారో, ఎవరు నిలువలేకపోయిరో గమనించినచో, ఆ యూర సుఖమెవరి పాలిటిదో కష్టమెవరి పాలిటిదో తేటపడగలదు. సంగారెడ్డి, పటాన్‌చెరు ప్రాంతమునకీ మాట మిక్కిలి వర్తించును.

అర్ధశతాబ్దము క్రిందట ఇది చెరువులను, మెట్టపొలములను నమ్ముకొనిన పల్లెల సీమ. 1970 తరువాత పటాన్‌చెరు, బొల్లారము, పాశమైలారము, గడ్డపోతారము, బొంతపల్లి మున్నగు చోట్ల కార్ఖానాలు వెలసెను. వానిలో ఔషధములు, రసాయనములు తయారుచేయునవి పెక్కులు. పనిని వెదకికొనుచు తెలుగు జిల్లాలనుండియేగాక బీహారు, ఉత్తర ప్రదేశము, ఒడిస్సా రాష్ట్రములనుండియు వేలకొలది జనులు వచ్చి, ఇరుకుగదులలో నలుగురైదుగురు చొప్పున కాపురముండసాగిరి. ఊరు పెరిగినంత వేగముగ వైద్యసహాయము పెరుగలేదు.

డబ్బు లేనంతమాత్రమున నెవ్వరికిని వైద్యము లేకపోరాదని 1946 లోనే భోరు సంఘమువారు తమ నివేదికలో నుద్ఘాటించి, ప్రతి ప్రాంతమునకును ప్రాథమికారోగ్య కేంద్రము నేర్పరుపవలెనని సూచించిరి. పల్లెలకు ఆ కేంద్రములు క్రమముగా వచ్చినవి గాని, పట్టణములలోని పేదవాడలు వెనుకబడియుండెను. 2015 లో ఢిల్లీ నగరమున మొహల్లా క్లినిక్కులు మొదలయ్యెను. ఆ మార్గముననే 2018 ఏప్రిలులో తెలంగాణ ప్రభుత్వమువారు హైదరాబాదున బస్తీ దవాఖానాల నారంభించిరి. అయిదువేలు మొదలు పదివేల జనులకొకటి చొప్పున, ఒక వైద్యుడు, ఒక నర్సు, ఒక సహాయకుడు గల చిన్న వైద్యశాల యిది. పరీక్ష, మందు రెండును ఉచితము. ఇవి తరువాత జిల్లా పట్టణములకును వ్యాపించెను.

ఇచ్చటికి వచ్చువారిలో మొదట పేర్కొనదగినవారు తల్లులు. చంకను జ్వరపు బిడ్డతో వచ్చి, బిడ్డకు మందు పుచ్చుకొని, తమ నడుమునొప్పి మాట చెప్పకయే మరలిపోవువారు వీరిలో కలరు. రెండవవారు వృద్ధులు. బీ.పీ. అనియు, షుగరు అనియు జనులు వాడుకొను వ్యాధులకు మాత్ర నెల తప్పిన పనికిరాదు. నెలనెలయు కొనుటకు చేత పైకము చాలదు. మూడవవారు పరరాష్ట్రముల కూలీల కుటుంబములవారు. వీరికి తెలిసిన వైద్యుడు లేడు, అప్పిచ్చు బంధువు లేడు.

“ఉచితము గనుక పోవుచున్నారు, వేరు కారణమేమున్నది?” అని కొందరు పెద్దమనుష్యులు చప్పరించుట కలదు. ఇది సరికాదు. ఉచితమే కారణమైనచో పెద్ద ప్రభుత్వాసుపత్రులును ఉచితములే. అయినను 2017-18 లో దేశమంతట జరిగిన జాతీయ నమూనా పరిశీలనయందు, చికిత్స పొందిన జబ్బులలో నూటికి సుమారు 30 మాత్రమే ప్రభుత్వ వైద్యశాలలకు వచ్చినట్లు తేలెను. తక్కిన 70 పాళ్లును ధనవంతుల జబ్బులు కావు గదా! పేదవాడును సొమ్ము చెల్లించియే పోవుచున్నాడు. కాబట్టి బస్తీ దవాఖానాకు జనులను రప్పించునది దగ్గరతనము, బస్సుకూలి లేకుండుట, పూట పోకుండుట, మొన్న చూచిన వైద్యుడే నేడును చూచునను నమ్మకము, తమ మాట విని, కసరకుండ బదులు చెప్పుదురను ఆశ. ఇవి లేనిచోట ఉచితమైన మందును అలమారలోనే యుండును.

ఇక రానివారి మాట. కార్ఖానాలో పండ్రెండు గంటలు పనిచేయు కాంట్రాక్టు కూలీ దవాఖానా వాకిట తరచుగా కనబడడు. అతనికి జబ్బు లేక కాదు, తీరిక లేక. బస్తీ దవాఖానాలు నెలకొల్పినప్పుడు నిర్ణయించిన వేళలు ఉదయము 9 గంటలు మొదలు సాయంకాలము 4 గంటలవరకు. అవే అతడు యంత్రము నొద్ద నుండు వేళలు. దవాఖానాకు వచ్చిన నాటి కూలి పోవును. నెలకు 21,000 రూపాయలవరకు జీతముగల కార్మికునికి ఈ.ఎస్.ఐ. వైద్యము హక్కే. అతని జీతమునుండి నూటికి ముప్పాతిక రూపాయయు, యజమానినుండి మూడుంబాతిక రూపాయలును చెల్లవలెను. గాని కాంట్రాక్టరు పేరు వ్రాయింపని కూలీకి ఆ హక్కు కాగితముపైననే యుండును. అందుచే నతడు రాత్రి తొమ్మిదింటికి ఆర్.ఎం.పి. కడకు పోయి, ఒక సూది వేయించుకొని, రెండు దినముల మాత్రలతో సరిపెట్టుకొని మరునాడు పనికెక్కును.

ఈ అరకొర మాత్రలు మన ప్రాంతమున మఱింత ప్రమాదకరములు. 2007 లో స్వీడను దేశపు శాస్త్రజ్ఞులు ప్రకటించిన పరిశోధనలో, పటాన్‌చెరు వద్ద శుద్ధిచేసి విడిచిన కార్ఖానా నీటిలో సిప్రోఫ్లాక్సాసిను అను మందు లీటరునకు 31 మిల్లీగ్రాములవరకు కనబడెను. ఆ మందు పుచ్చుకొన్న రోగి రక్తములో నుండుదానికంటె నిది అధికము. నీటిలోనే మందునకలవాటుపడిన సూక్ష్మజీవులకు, సగము మింగి మానివేసిన మాత్రలు మఱింత బలమిచ్చును.

దవాఖానా పుస్తకమున రోగి పేరు, వయస్సు, జబ్బుతోపాటు వృత్తియు, నివాసమును వ్రాయవలెనని మా మనవి. ఒకే వీధివారికి ఒకే చర్మవ్యాధియు, ఒకే కార్ఖానావారికి ఒకే దగ్గును వచ్చుచుండినచో, ఆ పుస్తకమే సాక్ష్యము చెప్పగలదు. పటాన్‌చెరులో వైద్యము చేసిన డాక్టరు కిషన్‌రావుగారు మందు వ్రాయుటతో తృప్తి చెందక, నీటి కాలుష్యముపై పోరాడి, ఆ వ్యాజ్యమును 1990 లో సుప్రీముకోర్టువరకు కొనిపోయిన సంగతి యెల్లరకు ఆదర్శము కావలెను. 2025 జూను 30 వ తేదీన పాశమైలారమున నొక ఔషధ కర్మాగారములో జరిగిన ప్రేలుడున 40 మందికి పైగా మృతినొందిరి. దూరరాష్ట్రములవారు వారిలో పెక్కురు. మరణించిన పిమ్మట పేర్లు వెదకుటకంటె, బ్రతికియుండగనే వారి పేర్లు దవాఖానా పుస్తకమున నెక్కుట మేలు గదా!

కావున మేము కోరునది మూడు సంగతులు. కార్ఖానాల సమీపమున వారమునకు కొన్ని దినములైనను రాత్రి 8 గంటలవరకు దవాఖానా తెరచియుండవలెను. పలకపై తెలుగుతోపాటు హిందీ, ఒరియా అక్షరములును ఉండవలెను. యజమానులు కాంట్రాక్టు కూలీలందరికిని ఈ.ఎస్.ఐ. కార్డులిప్పింపవలెను.

తలిదండ్రులారా! జబ్బు ముదిరినదాక జాగుచేయకుడు. మొదలుపెట్టిన మందును వైద్యుడు చెప్పినన్నాళ్లు వాడుడు. విద్యార్థులారా! మీ పొరుగున భాష తెలియని కూలీ యుండినచో దవాఖానాకు తోడుపొండు. అతని మాట వైద్యునికిని, వైద్యుని మాట అతనికిని తెలుపుడు. మందుచీటి చదువలేని అవ్వకు ఏ మాత్ర యే పూటయో చెప్పుడు. మీరు నేర్చిన అక్షరమునకు అంతకంటె మంచి వినియోగము తఱచుగా దొరకదు.